షార్జా కారుకి మూడు మంచు టైర్లు

ఎడారి దేశంలో కారున్న ప్రతి తెలుగువాడూ ఆ కారుకి మంచు టైర్లు వేయించుకోవాలి. నాలుగూ దొరక్కపోతే కనీసం మూడు!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. ఏసీ ఆగిపోతే పది నిమిషాలు బతకలేని ఊళ్ళో మంచు టైర్లేమిటని మీరు అడుగుతారని నాకు తెలుసు. మరి మీ అల్మారాలో గొడుగెందుకుంది? ఏడాదికి ఎన్నిసార్లు విప్పారు దాన్ని? పెట్టె అడుగున కలరా ఉండలేసి దాచిన ఊలు స్వెట్టర్ మాటేమిటి? వాటికి లేని ప్రశ్న టైర్లకెందుకు?

నేను అనుభవం మీద మాట్లాడుతున్నాను. షార్జాలో మా అల్ నహ్దా పేట మొత్తం మీద మంచు టైర్ల మీద కొండకి వెళ్ళొచ్చిన మగవాళ్ళం నలుగురమే. మా నలుగురిలో ఒక్కరం కూడా ఇంతవరకు మంచులో జారలేదు. ఒక్కసారి కూడా! ఇంతకన్నా రుజువేం కావాలండీ?

వివరంగా చెబుతాను. విని, ఆ తర్వాత మీ టైర్ల సంగతి మీరే తేల్చుకోండి.

మొన్న జనవరిలో ఒక మంగళవారం సాయంత్రం, రాస్ అల్ ఖైమా కొండల మీద మంచు పడిందని టీవీలో చూపించారు. నల్లటి రాళ్ళ మీద తెల్లగా, ఎవరో సున్నం ఒలకబోసినట్టుంది. ఆ సమయానికి నేను పక్క ఫ్లాట్‌లో గులాం మొహిద్దీన్ ఇంట్లో టీ తాగుతున్నాను.

గులాం మొహిద్దీన్ది నెల్లూరు. ఇక్కడ ఒక కంపెనీలో స్టోర్ కీపర్. ఏడో ప్రయత్నంలో డ్రైవింగ్ లైసెన్స్ సంపాదించిన మనిషి కాబట్టి రోడ్డంటే భక్తి, భయం రెండూ ఎక్కువే. రెండు నెలల విజిట్ వీసా మీద వచ్చిన వాళ్ళ అత్తగారు హుస్సేనమ్మకి ఆ శనివారమే తిరుగు విమానం.

హుస్సేనమ్మ గురించి మీకు కొంచెం చెప్పాలి. నెల్లూరు చేపల మార్కెట్ దగ్గర ఇరవై ఆరేళ్ళు ఐసు అమ్మిందావిడ. తెల్లారకముందే ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మలు దింపించుకుని, వరిపొట్టు చల్లి, గోనె సంచులు కప్పి, అడిగినవాళ్ళకి అడిగినంత పగలగొట్టి ఇచ్చేది. రెండు నెలల్లో ఆవిడ నోరు తెరిచి ఏమీ అడగలేదు. బంగారం బజారు చూపిస్తే "బాగుంది" అంది. సముద్రం చూపిస్తే "మాకూ ఉండాది" అంది. దుబాయ్‌లో ఆ మధ్య పెద్ద మాల్ లోపల గది కట్టి మంచు పోశారు కదా, అక్కడికి తీసుకెళ్తానంటే వద్దనేసింది.

"అది ఫ్యాక్టరీ ఐసే గదా అబ్బయా. టికెట్టు కొని మరీ చూసేదేంది? నేను దాని మీద కూసోనే అన్నం తిన్న్యా ఇరవై ఆరేండ్లు."

అలాంటి మనిషి ఆ మంగళవారం టీవీకి జానెడు దూరంలోకి వెళ్ళి నిలబడింది.

"ఎవురూ తయారు చెయ్యకుండానే పడిందా ఇది?" అంది.

"అవునత్తా. ఆకాశంలోంచి పడింది."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆవిడ టీవీ అద్దాన్ని ఒక వేలితో తడిమింది. తర్వాత మెల్లిగా అంది. "మొయిద్దీనూ, ఒక్కటి అడగతా. నన్ను ఆడికి తీసకపో. ఒక్క గుప్పెడు చేతిలో పట్టుకుని చూస్తా. పోయేలోపల."

గులాం మొహిద్దీన్ అప్పటికప్పుడు ముదీర్‌కి ఫోన్ చేసి, గురువారం సెలవు తీసుకున్నాడు. ముదీరంటే మేనేజరు. ఆయన సెలవిచ్చాడంటే దాన్ని కూడా ఆకాశంలోంచి పడినదాని కిందే లెక్క వేసుకోవాలి! గురువారం తెల్లవారుజామున బయల్దేరితే ఎనిమిదింటికల్లా కొండ దగ్గరుంటాం. శుక్రవారం ఎటూ సెలవే కాబట్టి సర్దుకోవడం, శనివారం విమానం. అంతా కుదిరింది.

అంతా కుదిరిందంటే ఎక్కడో ఏదో మరిచిపోయామని అర్థం. అది గుర్తు చేయడానికి మనవాళ్ళలో ఎప్పుడూ ఒకరుంటారు. దేవుడు మనవాళ్ళకిచ్చిన వరాల్లో అదొకటి.

మాకు దొరికిన వరం పేరు ఆదిశేషు.

ఆదిశేషుది తెనాలి. మా బిల్డింగే. అబూ ధాబీ అవతల ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. తెల్లవారుజామున నాలుగున్నరకి కంపెనీ బస్సెక్కితే రాత్రికి తిరిగొస్తాడు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోనివాళ్ళని ఇంటి దగ్గర కూడా ఆపి మందలిస్తాడు. బుధవారం రాత్రి మా ప్రయాణం సంగతి విని, గులాం మొహిద్దీన్ ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, పెన్ను క్యాప్ తీసి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"టైర్ల సంగతేమిటండీ?"

నేను టీవీ ఆపేశాను.

"టైర్లకేమైంది? పోయిన నెలేగా కారు చెకింగ్‌లో పాసింగ్ అయింది," అన్నాడు గులాం మొహిద్దీన్.

"అవి ఎండ టైర్లండీ. మీరు వెళ్ళేది మంచులోకి. యూరప్‌లో మంచు టైర్లు లేకుండా కారు బయటికి తీస్తే పోలీసులు ఊరుకోరు. రబ్బరే వేరు. గాడి వేరు. మామూలు టైరు మంచు మీద పడిందంటే ఇంతే సంగతులు!" అంటూ అరచేతిని టీపాయ్ మీద సర్రున జార్చాడు. చేయి వెళ్ళి టీ కప్పుకి తగిలింది. కప్పు కిందపడి ముక్కలైంది.

"చూశారా?" అన్నాడు ఆదిశేషు.

ఇంతకన్నా స్పష్టమైన ప్రదర్శన ఉంటుందా? గులాం మొహిద్దీన్ ముఖం పాలిపోయింది.

అప్పుడు లేచాడు, మాతోపాటు టీకి వచ్చిన రాజలింగం. రాజలింగంది జగిత్యాల దగ్గర పల్లె. ఎడారిలో పైపులైన్ సైట్‌కి పికప్ నడుపుతాడు. ఇసుకలో చక్రం దిగబడకుండా టైర్లలో సగం గాలి తీసేసి నడపడం అతనికి పదేళ్ళ అలవాటు.

"గీ టైర్లు గీర్లు ఎందుకే సారూ? గాలి తీస్తె అయిపాయె! టైరు ఎడల్పయితది, పట్టుకుంటది. ఇసుకల నడిపినోనికి మంచొక లెక్కనా?"

"ఇసుక వేరు, మంచు వేరండీ."

"ఏం వేరు? అదీ జారుతది, ఇదీ జారుతది. అది పచ్చగుంటది, ఇది తెల్లగుంటది. గంతే గద!"

ఇక చర్చ మొదలైంది. గాలి తీయాలా, టైరు మార్చాలా? నేను మధ్యవర్తిని. రెండు వైపులా న్యాయముందని అరగంటకోసారి ప్రకటించే బాధ్యత నాది. మధ్యలో హుస్సేనమ్మ కప్పు పెంకులు ఏరుతూ, "అబ్బయా, గోనె సంచి కడితే దేనికైనా జారదు. నేను దిమ్మల మీద ఎక్కి దిగేదాన్ని. అదట్టా పెట్టి ముందు బయల్దేరండి. ఎండ బడితే అది నిలవదు," అంది.

ఆదిశేషు గౌరవంగా నవ్వాడు. "గోనె సంచి అప్రూవ్డ్ మెటీరియల్ కాదమ్మా," అన్నాడు.

పాఠకులారా, గమనించారా? ఆ గదిలో ఐసు మీద నిజంగా కాలు పెట్టిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ నేల తుడుస్తోంది. ఎప్పుడూ పెట్టనివాళ్ళం నలుగురం సోఫాలో ఉన్నాం. సరైన కమిటీ అంటే అలాగే ఉండాలి. అనుభవమున్నవాళ్ళు చేరితే చర్చ అయిదు నిమిషాల్లో తెగిపోతుంది. అప్పుడు టీ ఎవరు తాగుతారు?

రాత్రి పదింటికి తీర్మానమైంది. గురువారం ప్రయాణం రద్దు. గురువారం టైర్లు, శుక్రవారం కొండ.

హుస్సేనమ్మ చేతులు తుడుచుకుంది. కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం వంక చూసింది. మబ్బు లేదు.

ఇంతకీ షార్జాలో మంచు టైర్లెక్కడ దొరుకుతాయి? దొరకవు. ఆదిశేషుకి తెలిసిన టైర్ల షాపు అబూ ధాబీ దగ్గర ముసఫ్ఫాలో ఉంది. మంచు పడింది షార్జాకి ఉత్తరాన గంటన్నర దూరంలో. ముసఫ్ఫా దక్షిణాన రెండు గంటలు. కాబట్టి గురువారం ఉదయం ఏడింటికి మేం మంచుకి వీపు చూపించి బయల్దేరాం. ఆదిశేషు జీవితంలో మొదటిసారి సిక్ లీవ్ పెట్టాడు. రాజలింగం డ్యూటీ మార్చుకున్నాడు. ఒక మంచి పని కోసం నలుగురు మగవాళ్ళు ఇలా కదిలిరావడం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం?

మేం బయల్దేరేటప్పుడు బిల్డింగ్ కింద అమీర్ జాన్ చేపల బండి ఆగి ఉంది. అతనిది మదనపల్లి. రోజూ రాస్ అల్ ఖైమా రేవు నుంచి చేపలు తెచ్చి మా వీధిలో అమ్మి, ఖాళీ బండితో వెనక్కి పోతాడు. ఈ రెండు నెలలూ ప్రతి పొద్దున్నా హుస్సేనమ్మ కిందికి దిగి అతన్ని తిట్టడం రివాజు. ఐసు కింద వేసి చేపలు పైన పెడతావా, పైనా కిందా రెండు పొరలు వెయ్యాలని తెలీదా అని.

"ఏందిమ్మా, పొద్దున్నే తిట్లతో బోణీ చేస్తాండావ్?" అంటున్నాడు అమీర్ జాన్. మేం చెయ్యూపి వెళ్ళిపోయాం.

ముసఫ్ఫాలో టైర్ల షాపు జిలానీ బాషాది. ప్రొద్దుటూరు మనిషి. ఆదిశేషు విషయం చెప్పగానే బాషా కళ్ళు తుడుచుకున్నాడు. ఆనందమట!

"మూడేండ్లాయ సార్, కంటైనర్ల యేసుకొచ్చి. జర్మనీ మాలు. ఒక్కడంటే ఒక్కడు అడగల్యా. నా పార్టనర్ రోజూ నవ్వతాండె. నేను జెప్పినా, ఒగ దినం వస్తారు రా, బుద్ధిమంతులు వస్తారు రా అని!"

షాపు వెనక్కి తీసుకెళ్ళాడు. నిజమే. టైరు పక్కన చిన్న మంచు పువ్వు గుర్తు కూడా ఉంది. ఆదిశేషు దాన్ని వేలితో తడిమి తలూపాడు. లోపల ఒక పిల్లి నాలుగు పిల్లలతో కాపురముంటోంది. వాటిని వేరే టైరులోకి మార్చి, మావి బయటికి దొర్లించారు.

ఒకటి. రెండు. మూడు.

"నాలుగోది?" అన్నాను.

"మూడే వచ్చినాయి సార్," అన్నాడు బాషా. "నాలుగోది ఆడ్నే మంచులో యాడో పడి ఉంటాది."

ఇలాంటి చోటే మామూలు మనుషులు వెనక్కి తిరిగొస్తారు. మేం షాపు ముందు నిలబడే రెండో మీటింగ్ పెట్టాం. మూడు మంచు టైర్లు, ఒక ఎండ టైరు. ఆ ఒక్కటీ ఏ మూల ఉండాలి? డ్రైవర్ వైపు ఉండకూడదన్నాడు గులాం మొహిద్దీన్. ముందుండకూడదన్నాడు ఆదిశేషు. వెనకుంటే తోక ఊగుతదన్నాడు రాజలింగం. రెండు గంటల చర్చ తర్వాత, అందరికన్నా బరువైన మనిషి కూర్చునే మూల అయితే బరువుకి అణిగి ఉంటుందని తేలింది. ఆ మనిషిని నేను. ఎవరికీ నా బరువు మీద ఇంత నమ్మకం ఉందని నాకప్పటిదాకా తెలియదు.

ఆదిశేషు ఒక ఫారం నింపి అందరి చేతా సంతకాలు పెట్టించాడు. ప్రమాదం అన్న చోట "మంచు" అని రాశాడు. నివారణ మార్గాలన్న చోట మొదటిది "వెళ్ళకపోవడం". రెండోది టైర్లు.

తిరిగొచ్చేటప్పుడు ఆ టైర్ల మహిమ తెలిసింది. ఎండ రోడ్డు మీద మంచు టైరు చేసే చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? కారు మీద హెలికాప్టర్ ఎగురుతున్నట్టుంటుంది. లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు. రెండు గంటలసేపు ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వలేకపోయారు. ఈ ఒక్క లాభం కోసమైనా మంచు టైర్లు వేయించుకోవాలంటాను!

సాయంత్రం ఇంటికి చేరేసరికి హుస్సేనమ్మ, కూతురు సమీనా ఇద్దరూ మహా హుషారుగా ఉన్నారు. బాల్కనీలో రెండు జతల చెప్పులు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. మేం సోఫాలో పడగానే నిమ్మకాయ షర్బత్ వచ్చింది. చల్లగా, ప్రాణం లేచొచ్చినట్టుంది.

"గిదేంది, ఐసు గడ్డల్లెక్క లేదు. పొడిపొడి ఉన్నది?" అన్నాడు రాజలింగం గ్లాసు లైటుకి పెట్టి చూస్తూ.

"క్రష్డ్ ఐస్ అంటారండీ దాన్ని. స్టార్ హోటళ్ళలో ఇలాగే ఇస్తారు," అన్నాడు ఆదిశేషు.

"కొంచెం వంజరం చేప వాసన వస్తోందమ్మా," అన్నాను నేను. నాకు నిజం దాచే అలవాటు లేదు.

"తాగు నాయనా. మళ్ళా దొరకదు," అంది హుస్సేనమ్మ. సమీనా వంటింట్లోకి పరిగెత్తింది. లోపల గిన్నె ఏదో కిందపడిన చప్పుడైంది.

నేను రెండు గ్లాసులు తాగాను. రాజలింగం మూడు. షర్బత్ తాగుతూనే మరుసటి రోజు ఏమేం తీసుకెళ్ళాలో లిస్టు రాశాం. ఫ్యాక్టరీ హెల్మెట్లు అయిదు. మెరుపు జాకెట్లు అయిదు. తాడు, విజిల్, మంటలార్పే సిలిండర్. మంచులో మంటలేమిటని నేనడిగితే, సిలిండర్ లేకుండా ఆదిశేషు బాత్రూంకి కూడా వెళ్ళడని గులాం మొహిద్దీన్ చెప్పాడు.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. సమీనా రాలేదు. "నాకెందుకులే, మీరు చూసి రండి," అంది మూతికి కొంగు అడ్డం పెట్టుకుని. హుస్సేనమ్మ మాత్రం వచ్చింది. ఒళ్ళో ఖాళీ థర్మోకోల్ పెట్టె ఒకటి పెట్టుకుంది, చేపలు పెట్టుకునేది. మంచు తెచ్చుకోవాలని ఆశ పడుతోందనుకున్నాం. గులాం మొహిద్దీన్ ఆ పెట్టెని చూసి, ఎక్సలేటర్ ఇంకొంచెం తొక్కాడు. ఏడుసార్లు పరీక్ష రాసిన మనిషి స్పీడ్ పెంచాడంటే దాని వెనక ఎంత ప్రేముండాలి!

ఆ వేగం ఎక్కువసేపు నిలవలేదు. రాస్ అల్ ఖైమాలో పెట్రోల్ బంక్ దగ్గర రాజలింగం దిగి, ఎవరూ చూడకుండా నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేశాడు. ఆదిశేషు చూసి, గంతులేసి, మళ్ళీ కొట్టించాడు. చివరికి ఇద్దరికీ నచ్చేలా రాజీ కుదిర్చాను. సగంలో సగం గాలి. కారు అక్కణ్నుంచి కడుపుతో ఉన్న బాతులా నడిచింది. మధ్యలో జుమా నమాజుకి ఆగాం. కొండ కిందికి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర.

అక్కడ తారు రోడ్డు అయిపోయింది.

అవును, అయిపోయింది! కొండ మీదికి రోడ్డు లేదు. రాళ్ళ మధ్య మేకలు నడిచే దారిలాంటిదొకటి ఉంది. పెద్ద పికప్‌లు తప్ప ఏదీ ఎక్కదు. నాలుగు రోజులు, మూడు మీటింగులు, ఒక ఫారం, నాలుగు సంతకాలు. టైరు గురించి మాట్లాడని నిమిషం లేదు. రోడ్డుందా అని ఒక్కడం అడగలేదు.

కొండ వంక చూశాం. నల్లగా, శుభ్రంగా, అప్పుడే స్నానం చేసినట్టుంది. ఎక్కడా తెలుపు లేదు.

రోడ్డు చివర రాతి ఇల్లొకటి. అందులోంచి ఒక ముసలి అరబ్బాయన కర్ర పట్టుకుని వచ్చాడు. గులాం మొహిద్దీన్ దిగి, సలాం చెప్పి, మంచెక్కడని హిందీలో అడిగాడు.

"బరఫ్ ఖలాస్!" అన్నాడాయన నవ్వుతూ. "కల్ థా. ఆజ్ సబ్ మాయ్!"

మంచు అయిపోయింది. నిన్న ఉండింది. ఈ రోజు అంతా నీళ్ళే.

హెల్మెట్లు పెట్టుకుని, పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని, మేం నలుగురం ఎండలో నిలబడిపోయాం. రాజలింగం టైరుని కాలితో ఒకటి తన్నాడు. ఆదిశేషు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గులాం మొహిద్దీన్ కారు దగ్గరికొచ్చి, వెనక తలుపు తెరిచి, అత్తగారి ముఖంలోకి చూడలేక ఆవిడ పాదాల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అత్తా, మాఫ్ చెయ్యి. నిన్ననే తీసుకొచ్చి ఉంటే... రెండు నెలల్లో ఒక్కటే అడిగావు."

మాకందరికీ ఒక్కసారిగా హెల్మెట్లు బరువెక్కాయి.

అప్పుడు ఆ ముసలాయన కిటికీలోంచి లోపలికి వంగి చూశాడు. ముఖం విప్పారింది.

"మామా! ఐస్‌వాలీ మామా! కైఫ్ హాలిక్?"

అంటే ఐసు అమ్మా, ఎలా ఉన్నావు అని; ఇక్కడ మామా అంటే అమ్మే. హుస్సేనమ్మ కిందికి దిగి, తలమీద కొంగు సర్దుకుని, ఆయనకి సలాం చెప్పి, ఆ థర్మోకోల్ పెట్టె ఆయన చేతికిచ్చింది.

"నీ పెట్టె. కడిగి తెచ్చినా," అంది తెలుగులోనే. ఆయనకి బాగానే అర్థమైంది.

మాకే అర్థం కావడానికి టైం పట్టింది.

గురువారం ఉదయం ఏడింటికి మేం ముసఫ్ఫా వైపు తిరగ్గానే, హుస్సేనమ్మ కూతుర్ని వెంటేసుకుని అమీర్ జాన్ ఖాళీ చేపల బండెక్కింది! ఆ ముసలాయన అమీర్ జాన్‌కి చేపలమ్మే వాళ్ళ తండ్రి. ఆయన తన పికప్‌లో వాళ్ళని పైకి తీసుకెళ్ళాడు. పదింటికల్లా ఇద్దరూ మంచులో ఉన్నారు. అమీర్ జాన్ బండిలోనే తిరిగి, మధ్యాహ్నం అన్నం వేళకి ఇంట్లో ఉన్నారు.

"ఆ పికప్‌కి టైర్లు?" అన్నాడు ఆదిశేషు. నీరసంగా.

"నున్నగా గుండు మాదిరుండాయి అబ్బయా. గీతే లేదు. నేనూ సమీనా చెప్పులకి గోనె సంచి చుట్టుకున్నాం. ఆ ముసలాయనకీ కట్టినా. ఎవురం జారలా."

గులాం మొహిద్దీన్ ఆవిడ వంకే చూస్తున్నాడు. "ఎట్లా ఉందత్తా?" అన్నాడు చివరికి.

ఆవిడ తన కుడిచేయి చాచి, అందులో ఇంకా ఏదో ఉన్నట్టు చూసుకుంది.

"మెత్తగా ఉండాది. మా ఫ్యాక్టరీ దానికి అమ్మోనియా కంపు ఉంటాది. దీనికి ఏ కంపూ లేదు. ఇరవై ఆరేండ్లు అందరికీ కొట్టి కొట్టి అమ్మినా గదా మొయిద్దీనూ. నిన్న ఊరికే తీసుకున్యా. గుప్పెడు కాదు, ఒళ్ళో పోసుకున్యా."

"మరి మాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను నేను, కొంచెం నొచ్చుకుంటూనే.

"చెప్తే మీటింగ్ పెడతారు గదా నాయనా!"

ఎజెండాలో లేని అంశమది.

"చూడకుండా పోతానని అల్లుడు కుమిలిపోతాడేమోనని ఈ పొద్దు చెప్పాలనుకున్యా. ఇంతలో ఆ పెట్టె గూడా ఇచ్చేది ఉండె. మీరు గూడా అంత ఆశగా టైర్లు తెచ్చుకుంటిరి. మీ సంబరం నేనెందుకు చెడగొట్టాలని ఊరుకున్యా," అని, ఆగి, మా ముఖాలు చూసి నవ్వింది. "అయినా మీకు భాగం పెట్టకుండా ఉంటానా? ఆ పెట్టెలో పొట్టు పోసి, గోతాం కప్పి, షార్జా దాకా ఒక్క చుక్క కరక్కుండా తెచ్చినా. నిన్న షర్బత్తులో ఏసింది ఏందనుకున్యారు?"

దూరంగా ఒక మేక అరిచింది.

"నేను మూడు గిలాసలు తాగిన!" అన్నాడు రాజలింగం నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"క్రష్డ్ ఐస్," అని ఆదిశేషు తనలో తనే అనుకున్నాడు.

మంచు టైర్లు ఎలా కొనాలన్న విషయం మీద మంచు తాగుతూ చర్చించినవాళ్ళు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే వాళ్ళూ తెలుగువాళ్ళే అయ్యుంటారు. చేప వాసన వస్తోందని వంక పెట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్నే!

గులాం మొహిద్దీన్ మొదట నవ్వాడు. తర్వాత కారుకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నవ్వాడు. ముసలాయన మా అందరికీ గహ్వా కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టి, మా హెల్మెట్లెందుకో అడిగి తెలుసుకుని, ఇంట్లోవాళ్ళందర్నీ పిలిచి చూపించాడు. శనివారం హుస్సేనమ్మ వెళ్ళిపోయింది. చేతి సంచీలో బంగారమేమీ లేదు కాబట్టి కస్టమ్స్ వాళ్ళు కూడా ఏమీ అడగలేదట. ఇప్పుడు నెల్లూరు చేపల మార్కెట్‌లో ఆవిడ చెప్పే కథ వినడానికి చేపలు కొనేవాళ్ళు కూడా బేరం ఆపేస్తున్నారని సమీనా చెబుతోంది.

కాబట్టి పాఠకులారా, నా వాదన మొదట ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది. మంచు టైర్లు వేయించుకోండి. వాటి వల్ల మేం జారలేదు, పడలేదు, చలికి వణకలేదు, బట్టలు తడవలేదు. రోడ్డే లేని చోటికి ఇంత భద్రంగా ఎవరు వెళ్ళొచ్చారు? అన్నిటికన్నా ముఖ్యం, మమ్మల్ని ఒక రోజంతా ముసఫ్ఫాలో కట్టిపడేసి, ఆవిణ్ణి కొండెక్కనిచ్చినవి ఆ టైర్లే. మేం ఇంట్లో ఉండి ఉంటే ఆ చేపల బండికి ఫిట్‌నెస్ ఉందా లేదా అని కూడా ఒక మీటింగ్ పెట్టి ఉండేవాళ్ళం.

ఒకరి ఒక్క కోరికని పదిమంది కలిసి ఎంత జాగ్రత్తగా కాపాడగలరంటే, అది కరిగిపోయేదాకా కాపాడగలరు. ఆ కోరిక ఎవరిదో వాళ్ళని మాత్రం సోఫాలో కూర్చోబెట్టరు.

ఈ డిసెంబర్లో హుస్సేనమ్మ మళ్ళీ వస్తోందని తెలిసింది. తారీఖు అమీర్ జాన్‌కి చెప్పిందట. మాకు చెప్పొద్దందట! ఇది చాలా తీవ్రమైన విషయమని మా ఆదిశేషు అభిప్రాయం. నాలుగో మంచు టైరు సంగతి కూడా తేలాల్సి ఉంది కాబట్టి, వచ్చే గురువారం సాయంత్రం గులాం మొహిద్దీన్ ఇంట్లో మీటింగ్ పెట్టుకున్నాం.

మీరూ రండి. షర్బత్ ఇస్తారు. ఐసు మాత్రం ఫ్యాక్టరీదే.